కుదుళ్ళలో దాచిన నంబరు

“ఈ బండి బాలాసోర్‌లో ఆగుతుందా అన్నా?”

జవాబు రాలేదు.

మైథిలి చేతిలోని పార్సిల్ రసీదులు సర్దుకుంటున్నట్టు నటిస్తూ మరోసారి అడిగింది. “ఆగినా దిగేవాళ్ళు లేరు” అని అతను అనాలి. అది కోడ్. ఖరగ్‌పూర్ స్టేషన్ వెయిటింగ్ హాల్లో మధ్యాహ్నపు ఎండ కిటికీ ఊచల మధ్య నుంచి పడి నేల మీద నిచ్చెనలా పరుచుకుంది. క్రిస్టోఫర్ గోడకు తల ఆనించి, ఒళ్ళో టిఫిన్ క్యారియర్ పెట్టుకుని, కళ్ళు తెరిచే కూర్చున్నాడు. చెవి వెనక సూది మొనంత ఎర్రటి మచ్చ.

ఆమె కేక వెయ్యలేదు. అతని కళ్ళు మూయాలనిపించింది. కానీ ఆమె అతనికి ఏమీ కాదు. పార్సిల్ ఆఫీసులో పనిచేసే ఒక గుమాస్తా, దారిలో ఎవరో ప్రయాణికుణ్ణి బండి సంగతి అడిగింది, అంతే. అపరిచితురాలు శవం కళ్ళు మూయదు. పైన లౌడ్‌స్పీకర్ బెంగాలీలో, హిందీలో ఏదో బండి ఆలస్యమైందని విచారం ప్రకటిస్తోంది. మైథిలి టిఫిన్ క్యారియర్ తనదే అన్నట్టు తీసుకుని లేచింది.

అడుగు గిన్నెలో, పూరీల కింద, పల్చటి రబ్బరు టోపీ ఒకటి ఉంది. లోపలి వైపంతా దువ్వెన పళ్ళకన్నా సన్నని ముళ్ళు.

యార్డులో ఒక మూల లైన్ మీద నిలిపిన, రైల్వే అధికారులు తిరిగే సెలూన్ కోచ్‌లో శంకరనారాయణ ఎదురుచూస్తున్నాడు. బయటి ప్రపంచానికి ఆయన లెక్కలు తనిఖీ చెయ్యడానికి వచ్చిన ముసలి ఆఫీసరు. మైథిలికి మాత్రం నిఘా విభాగం చీఫ్. ఆయన టోపీని దీపం కింద తిప్పి చూసి, బల్ల మీద పెట్టాడు.

“క్రిస్టోఫర్ ఆఖరి రిపోర్ట్ ఇది. గోల్ బజార్‌లో హెయిర్ క్లినిక్ తెలుసుగా?”

“రెబెక్కా క్లినిక్.”

“రెబెక్కా మనం వెంటాడుతున్న ముఠా మనిషి. క్రిస్టోఫర్‌ని అక్కడ అటెండర్‌గా పెట్టింది నేనే.” ఆయన ఒక ఫోటో ముందుకు తోశాడు. “ఇతను కిందటి నెల కాసాయి నదిలో తేలాడు. తల చూడు.”

గుండు తల. మీద గరుకుగా మొలిచిన వెంట్రుకలు. వాటి మధ్య అక్కడక్కడ ఏమీ మొలవని చిన్న చిన్న బోసి చుక్కలు, గీత గీసి పెట్టినట్టు వరసల్లో.

“జబ్బా సార్?”

“ఉత్తరం. తల వెంట్రుక ఎప్పుడూ పెరుగుతూనే ఉండదు. కొన్నేళ్ళు పెరుగుతుంది, తరవాత కుదురు ముడుచుకుని కొన్ని నెలలు నిద్రపోతుంది, మళ్ళీ లేస్తుంది. ఒక్కో కుదురుది ఒక్కో వేళ. నిద్రపోయిన కుదురులో వెంట్రుక వెంటనే రాలదు. అలాగే నిలబడి ఉంటుంది. పైకి ఏ తేడా తెలియదు. కానీ గుండు గీస్తే?”

మైథిలి ఫోటో నుంచి చూపు తిప్పకుండా అంది. “పెరిగేవి మర్నాటికే మొలుస్తాయి. నిద్రపోయేవి మొలవవు.”

“రెండో రోజుకి లెన్స్ పెడితే చదవొచ్చు. కుదురు చుట్టూ సన్నటి కండరాల పొర ఉంటుంది. అది బిగిస్తేనే కుదురు నిద్రలోకి జారేది. ఈ టోపీ అదే బిగింపు బయటి నుంచి ఇస్తుంది, కావాలన్న చోట మాత్రమే. ఒత్తిడి తగిలితే కణాల్లో తలుపుల్లాంటివి తెరుచుకుంటాయి. కాల్షియం లోపలికి పోతుంది. పెరగమనే సిగ్నల్ ఆగిపోతుంది, పడుకోమనే సిగ్నల్ మొదలవుతుంది. ఊరు దాటే ప్రతి ఫోనూ, ప్రతి పెన్‌డ్రైవూ మన జల్లెడలో పడుతోంది. తల పడదు. మొక్కు తీర్చుకుని వచ్చినవాణ్ణి గుండెందుకని ఎవరూ అడగరు.”

“ఏం పంపుతున్నారు?”

“తీరం లైన్ మీద కొత్త సిగ్నల్ వ్యవస్థ వస్తోంది. ఆరుగురు ఇంజనీర్లు, ఆరు మాస్టర్ కీలు, అంటే ఒక్కొక్కరికీ ఒక్కో రహస్య నంబరు. ఒకడు తన కీ అమ్ముకున్నాడు. అది చేతిలో ఉంటే ఎక్కడో విదేశంలో కూర్చుని ఇక్కడి ఎర్ర దీపాన్ని పచ్చగా మార్చొచ్చు. ఆ కీలు మార్చే అధికారం మళ్ళీ ఆ ఆరుగురిదే. దొంగ ఎవడో తెలియకుండా ఎవరి చేతికిస్తాం? నదిలో తేలినవాడు మోసింది బేరం కబురు, ఇప్పుడు వస్తున్నది కీ. ఈసారి తల మనం ముందు చదవాలి. నంబరు చూస్తే మనిషి తెలుస్తాడు.”

“ఆ తల ఎవరిదో తెలిసిందా?”

శంకరనారాయణ కిటికీ రెక్క దించి, మళ్ళీ ఎత్తాడు.

“నిమ్‌పురా వ్యాగన్ షెడ్ ఫిట్టర్. కొడుకో కూతురో పుడితే సింహాచలంలో తలనీలాలు ఇస్తానని మొక్కుకున్నాడు. పేరు లలిత్.”

మైథిలి చెయ్యి ఫోటో మీదే ఆగిపోయింది. నీళ్ళలో తేలిన ఆ మనిషికి కూడా అక్క ఎవరైనా ఉందేమో అనుకుంది.

“చదివిన తలని వాళ్ళు ఉంచరు,” అన్నాడు చీఫ్ మెల్లిగా. “మీ తమ్ముడికి నువ్వే చెప్పి గుండు చేయించు. మనం చదివేస్తే అతనితో వాళ్ళకింక పనుండదు. త్వరగా. ఇంకో నెల పోతే ఆ కుదుళ్ళు నిద్ర లేస్తాయి.”

*

“ఏటి మాటాడతన్నావక్కా?”

నిమ్‌పురా క్వార్టర్ వరండాలో లలిత్ డ్యూటీ బూట్లు విప్పుతున్నవాడల్లా ఆగిపోయాడు. లోపల చరిత మంచం మీద పడుకుని ఉంది. డాక్టరు లేవొద్దంది. తల్లి కన్యకాంబ గుమ్మంలో కూర్చుని మునక్కాడలు తరుగుతోంది.

“మొక్కు కదరా. ఆలస్యం ఎందుకు?”

“మొక్కు పిల్ల పుట్టినాక తీరుస్తాను. చరితకి ఐదో నెల. ఇప్పుడు నాను కత్తెర కూడా ముట్టుకోను.”

“సదువుకున్నదానివి, నీకు తెలీదేటి?” కన్యకాంబ కత్తిపీట పక్కకి జరిపింది. “పెళ్ళాం కడుపుతో ఉంటే మొగుడు గుండు సేయించుకుంటాడా? వాడి జుట్టు మీద నీకెందుకే అంత పగ? పాపం, ఉన్నదే నాలుగు ఎంట్రుకలు. వాటికోసం ఆ గోల్ బజార్ దీదీ దగ్గరికి తిరిగీ తిరిగీ సెప్పులరగదీసినాడు.”

“అమ్మా, ఊరుకో.”

“నానేటన్నాను? టోపీ పెట్టి సుర్రుసుర్రుమనిపిస్తే జుట్టొస్తాదంటే ఎల్లినాడు. ఎర్ర లిప్‌స్టిక్ దీదీ పిలిస్తే బట్టతలోళ్ళంతా ఎల్తారు.”

లోపల నుంచి చరిత నవ్వు వినిపించింది. లలిత్ నవ్వలేదు. అక్క పక్కన వచ్చి కూర్చుని గొంతు తగ్గించాడు.

“నాన్న పోయినప్పుడు పదో రోజున గుండు సేయించుకున్నాను. తండ్రి కోసం తప్పులేదన్నారు పంతులుగారు. అప్పుడు చరితకి ఏడో నెల. ఆ తరవాత పాప ఏటయిందో నీకు తెల్సు. డాక్టర్లు ఏవేవో సెప్పినారు. అయ్యన్నీ నాకు అర్థమైనాయి. అయినా...” అతను తల నిమురుకున్నాడు. “అక్కా, నన్ను ఇంకేదన్నా అడుగు. ఇది అడక్కు.”

మైథిలికి ఆ పాప గుర్తుంది. తువ్వాలులో చుట్టి చేతికిచ్చినప్పుడు నల్లటి ఒత్తయిన జుట్టు. అంత జుట్టుతో పుట్టిన పిల్ల ఒక్కసారైనా ఏడవలేదు.

తనేం చేస్తుందో వీళ్ళకి తెలియదు. పార్సిల్ ఆఫీసు అనుకుంటారు. నిజం చెబితే నమ్మరు, నమ్మితే బతకలేరు. ఆమె మునక్కాడ ముక్క ఒకటి తీసి ఈనె లాగింది.

“సరేరా. అడగను.”

రేపు ఇంకో దారి చూడాలి అనుకుంది. రేపు అనేది ఉంటుందని అప్పటికి ఆమె నమ్మింది.

*

మర్నాడు క్లినిక్‌లో మైథిలి బుర్ఖాలో అడుగుపెట్టింది. రెబెక్కా ఎదురొచ్చింది. పొడవాటి మనిషి, తెల్ల కోటు, ఎర్రటి పెదాలు, నడుస్తుంటే మంచి సెంటు వాసన. కర్టెన్ లాగగానే మైథిలి పిస్టల్ ఆమె పక్కటెముకలకి ఆనించింది.

“లలిత్ తల మీద రాసింది నువ్వేనా?”

“నానే.” రెబెక్కా చేతులు ఎత్తలేదు. “టోపీ పార్సిల్‌లో వస్తాది. ఎవరు పంపుతారో తెలీదు. తల మీద పెడతాను. పనైపోగానే దాని మెమరీ దానంతటదే చెరిగిపోతాది. సదివేవాడు విశాఖ పోర్టులో ఉంటాడు. ఆర్థర్ అంటారు. నువ్వు మైథిలివి కదూ?”

“ఎలా తెలుసు?”

“మా అన్న సెప్పినాడు.”

“ఎవరు?”

“క్రిస్టోఫర్.”

పిస్టల్ దానంతటదే కిందికి వాలింది. రెబెక్కా కళ్ళకి కాటుక చక్కగా ఉంది. చెదరలేదు. చెదరకుండా ఉంచడానికి ఆమె ఎంత కష్టపడుతోందో చేతివేళ్ళు చెబుతున్నాయి. అవి కోటు గుండీని వదలడం లేదు.

“నిన్న శవాన్ని ఎవరిదో అనాథదన్నట్టు మార్చురీకి పట్టుకెళ్ళినారు. అన్నని నాదని అనలేదు. అంటే ఆడూ నానూ కలిసి ఈ ముఠాని పట్టించే పని ఆగిపోతాది. ఆడు సచ్చినందుకు కూడా ఫలితం లేకుండా పోతాది.” ఆమె కర్టెన్ సందులోంచి బయటికి చూసింది. “మీ తమ్ముణ్ణి నానే ఏరినాను. ఎందుకో తెల్సా? ఆర్థర్‌కి మొక్కున్న మనిషి కావాలి. తెలుగు నేర్చుకున్నాడు ఆడు, పుస్తకం సదివినట్టు మాటాడతాడు. పెళ్ళాం నెల తప్పిందంటే మొక్కు ఫలించింది, ఎంటనే గుండు సేయిస్తాడనుకున్నాడు. నాను కాదన్లేదు. మీవాళ్ళ ఇళ్ళలో అలా సేయించుకోరని నాకు తెల్సు. పురుడొచ్చేసరికి కుదుళ్ళు లేచి నంబరు పోతాదని లెక్కేసినాను.”

“ఆ లెక్క ఆర్థర్‌కి కోపం తెప్పిస్తే?”

రెబెక్కా జవాబు చెప్పేలోపు ఇద్దరి ఫోన్లూ ఒకేసారి మోగాయి.

మైథిలి ఫోన్‌లో కన్యకాంబ. “అమ్మా, లలిత్ పొద్దున డ్యూటీకెళ్ళినాడు. షెడ్‌కి రాలేదంట. సైకిల్ సబ్‌వే దగ్గర పడుందంట. చరితకి సెప్పలేదు. ఏటే ఇది?”

రెబెక్కా తన ఫోన్ ఆమె వైపు తిప్పింది. స్క్రీన్ మీద ఒక్క వాక్యం. తల శుభ్రం చేశాం, ఎల్లుండి ఉదయం టోనీ వచ్చి తీసుకువెళతాడు, లెన్స్ తెచ్చుకో.

ఎక్కడికన్నది రాయలేదు.

*

ఆ తరవాతి రెండు రోజులు మైథిలి ఊరంతా జల్లెడ పట్టింది. పాత క్వార్టర్లు, మూసేసిన షెడ్లు, పూరీ గేట్ వెనక గిడ్డంగులు, లైన్ పక్క గుడిసెలు. టోటో అనే బ్యాటరీ రిక్షాల డ్రైవర్లని అడిగింది. కూరగాయల బండి ‘దాదా’ల్ని అడిగింది. ఇంటికొస్తే చరిత అడిగేది.

“వదినా, ఆయన ఫోన్ ఎందుకు కలవట్లేదు?”

“స్పెషల్ డ్యూటీకి టాటానగర్ పంపారు. అక్కడ సిగ్నల్ ఉండదు.”

“నాతో చెప్పకుండా ఎల్లరే ఎప్పుడూ.”

చరిత గోడ వైపు తిరిగి కడుపు మీద చెయ్యి వేసుకుంది. కన్యకాంబ పొయ్యి ముందు కూర్చుని మాట్లాడటమే మానేసింది. ఆ ఇంట్లో ఆవిడ నోరు మూతపడటం మైథిలి అంతకుముందు ఒక్కసారే చూసింది.

తమ్ముడు ఇప్పుడు ఎక్కడో తల బోడిగా కూర్చుని ఉంటాడు. ఆ తల మీద వెంట్రుకలు గంట గంటకీ పైకి వస్తుంటాయి. ఆరోగ్యం ఉన్నవాడు, కుర్రవాడు, బాగానే వస్తాయి. అవి కనిపించేంత పొడవు కాగానే చుక్కలు కనిపిస్తాయి. చుక్కలు చదవగానే వాడి పని అయిపోతుంది. వెంట్రుక పెరిగిన కొద్దీ ఆయువు తరిగిపోవడం ఆమె ఎక్కడా వినలేదు. దేవుడా, పెరగనీకు అని ఎవరైనా మొక్కుకుంటారా? ఆమె మొక్కుకుంది.

సెలూన్ కోచ్‌లో ఆమె బల్ల మీద రెండు చేతులూ ఆనించి నిలబడింది.

“రేపు నేను రెబెక్కా అసిస్టెంట్‌గా వెళ్తాను సార్. మీ వాళ్ళతో వెనక రండి. లోపలికి అడుగు పెట్టగానే రెయిడ్.”

“కాదు. చదవడం పూర్తవ్వాలి. ఆర్థర్ దగ్గర మన జల్లెడకి అందని శాటిలైట్ ఫోన్ ఉంది, ఆ నంబరు దాంట్లో పై వాళ్ళకి చెబుతాడు. ఆ లైన్ దొరికితే ముఠా మొత్తం దొరుకుతుంది. ఫోన్ కలవగానే లోపలికి వస్తాం.”

“ఫోన్ కలిసేటప్పటికి నా తమ్ముడు ఉండడు.”

శంకరనారాయణ కళ్ళజోడు తీసి తుడిచాడు. మళ్ళీ తుడిచాడు. “ఈ లైన్ మీద రోజూ ఎన్ని బండ్లు నడుస్తాయో నీకు తెలుసు మైథిలీ. వాటిలో ఎంతమంది తమ్ముళ్ళుంటారో కూడా తెలుసు. ఇది ఆర్డర్.”

ఆమె సెల్యూట్ చేసింది. ఆయన మాటలో తప్పు లేదు. అదే ఆమెని ఎక్కువ భయపెట్టింది.

*

టోనీ వ్యాన్ నిమ్‌పురా దాటి, మట్టిరోడ్డు ఎక్కి, రేకుల గోడౌన్ ముందు ఆగింది. లోపల పైకప్పు దాకా గోనె సంచులు. అన్నీ వెంట్రుకలే. ఊళ్ళ వెంట తిరిగి స్టీలు గిన్నెలిచ్చి ఆడవాళ్ళ దగ్గర కొన్న రాలు జుట్టు, విగ్గులకి విదేశాలు పోవడానికి సిద్ధంగా ఉంది. గాలి నిండా పాత నూనె వాసన.

మైథిలి పార్లర్ పిల్ల వేషంలో ఉంది. ముఖానికి మాస్కు, జుట్టుకి రాగిరంగు, చేతిలో రెబెక్కా కిట్. చెవిలో గింజంత రిసీవర్.

“ఈ దీదీని ఎక్కడో సూసినాను,” అన్నాడు టోనీ, లావాటి మెడ వంచి.

“సూసే ఉంటావు,” అంది రెబెక్కా. “మీ ఆవిడకి ఫేషియల్ సేసింది ఇదే. ఆ మొహం గుర్తుందా? అది పోగొట్టింది కూడా ఇదే.”

టోనీ గొణుక్కుంటూ తలుపు వేశాడు.

మధ్యలో క్షౌరం కుర్చీ. అందులో లలిత్‌ని తాళ్ళతో కట్టారు. నున్నటి తల మీద పల్చగా నల్లటి గరుకు తేలుతోంది. అతను నేలకేసి చూస్తున్నాడు. కొట్టినట్టు లేదు. అంతకన్నా పెద్ద దెబ్బ తగిలినవాడిలా ఉన్నాడు. పెదాలు కదులుతున్నాయి. దగ్గరికి వెళ్ళాక వినిపించింది. “నాను సేయించుకోలేదు తల్లీ. వాళ్ళు సేసినారు. నాను సేయించుకోలేదు.” పుట్టబోయే బిడ్డతో చెప్పుకుంటున్నాడు.

ఆర్థర్ నీడలోంచి వచ్చాడు. సన్నటి మనిషి, మడత నలగని చొక్కా.

“శుభోదయం రెబెక్కా గారూ. మీ సోదరుని విషయంలో విచారిస్తున్నాను. ఆలస్యంగా తెలిసింది, ఆయన మీ సోదరుడని.”

రెబెక్కా లెన్స్ స్టాండు బిగిస్తూనే ఉంది. “పని కానీండి.”

“అవును. పని తరవాత మనం మాట్లాడుకోవాలి.”

ఆ మాటకి అర్థం ముగ్గురికీ తెలిసింది. ఇవాళ ఈ గోడౌన్ నుంచి లలిత్, రెబెక్కా, వెంట వచ్చిన మైథిలి ముగ్గురూ ప్రాణాలతో బయటికి పోరు.

“స్పిరిట్‌తో తల తుడువు,” అంది రెబెక్కా.

మైథిలి తువ్వాలు తీసింది. తువ్వాలు మడతలో మంగలి కత్తి ఉంది. తమ్ముడి తల మీద చెయ్యి వేసింది. చిన్నప్పుడు తల దువ్వడానికి పరుగెత్తించి పట్టుకునే తల. నొసటి మీద సైకిల్ మీంచి పడ్డప్పటి మచ్చ అలాగే ఉంది. ఆమె మాస్కు వెనక నుంచి, గాలికన్నా మెల్లిగా అంది.

“కదలకు నాన్నా.”

పెదాల కదలిక ఆగిపోయింది. అతను తల ఎత్తలేదు. కానీ ఆమె అరచేతి కింద ఆ తల ఒక్కసారి వణికి నిలిచింది.

లెన్స్ వెలిగింది. ఆర్థర్ ముందున్న స్క్రీన్ మీద చర్మం పెద్దదై కనిపించింది. మొలిచిన నల్ల మొలకల అడవి. మధ్యలో బోసి చుక్కలు. మొదటి వరస కింద అంకెలు పడ్డాయి. రెండో వరస.  యంత్రం నుదుటి వైపు నుంచి వెనక్కి జరుగుతోంది.

చెవిలో చీఫ్ గొంతు. “అందరూ అలాగే ఉండండి. కాల్ కలిసేదాకా ఆగండి.”

టోనీ ఆమె చేతులకేసే చూస్తున్నాడు. ఒక్కసారిగా అతని ముఖం మారింది. “పార్సిల్ ఆఫీసు! ఆర్థర్ సాబ్, ఇది పార్సిల్ ఆఫీసు...”

రెబెక్కా స్పిరిట్ సీసా అతని కళ్ళలోకి విసిరింది. టోనీ కేక పెట్టి ముఖం పట్టుకున్నాడు. అదే క్షణంలో మైథిలి కత్తి విప్పి, లెన్స్ ఇంకా చేరని వెనక భాగం మీద బలంగా లాగింది. ఒక్క లాగు. రెండోది. తల వంచి ఇచ్చాడు లలిత్. భార్య కడుపుతో ఉండగా కత్తెర ముట్టుకోనన్నవాడు అక్క కత్తికి మెడ చాపాడు. మొలకలు నల్లటి దుమ్ములా రాలాయి. స్క్రీన్ మీద కిందిసగం తెల్లగా, నున్నగా, ఏ రాతా లేకుండా మిగిలింది. ఎక్కడ చుక్కో, ఎక్కడ వెంట్రుకో, చదవడానికి తేడా లేదు.

ఆర్థర్ పిస్టల్ లలిత్ కణతకి ఆనింది.

“కాల్చు,” అంది మైథిలి. మాస్కు జారిపోయింది.  “చచ్చినవాళ్ళకి జుట్టు పెరుగుతుందని ఎవరైనా చెప్పారా నీకు? అబద్ధం. పెరగదు. సగం నంబరే నీ దగ్గరుంది. మిగతా సగం ఈ చర్మం కింద ఉంది. వీడు బతికుంటేనే పైకొస్తుంది.”

ఆర్థర్ కళ్ళు స్క్రీన్ మీదికి, తల మీదికి, మళ్ళీ స్క్రీన్ మీదికి తిరిగాయి. వేలు ట్రిగ్గర్ మీద బిగిసి, వదులైంది. ఆ పిస్టల్‌కి ఇంక ఆ కుర్చీలో మనిషి మీద అధికారం లేదు. ఆ సంగతి అతనికి అర్థమైంది.

“నిజమే,” అన్నాడు. పిస్టల్ మైథిలి గుండె వైపు తిరిగింది. “కానీ మీ చర్మం కింద నాకు కావలసినదేమీ లేదు.”

ఆమె ఇది ముందే లెక్కేసుకుంది. ఈ లెక్కలో తన పేరు పక్కన ఏమీ రాసుకోలేదు.

లలిత్ కట్టిన కాళ్ళతోనే నేలని తన్నాడు. ఇనప కుర్చీ వెనక్కి విరుచుకుపడి ఆర్థర్ మోకాళ్ళకి తగిలింది. తూటా రేకుల్లోకి పోయింది. రెండోసారి పిస్టల్ ఎత్తేసరికి రెబెక్కా సంచుల వరసని భుజంతో నెట్టింది. రెండో తూటా ఆమె చేతిలో దిగింది. సంచులు ఆగలేదు. పైకప్పు ఎత్తు నుంచి ఒకదాని మీద ఒకటి జారి, పగిలి, ఊళ్ళకి ఊళ్ళ ఆడవాళ్ళ జుట్టు ఆర్థర్‌నీ, టోనీనీ నల్లటి వరదలా కప్పేసింది.

తలుపు బద్దలైంది. శంకరనారాయణ మనుషులు లోపలికి దూసుకొచ్చారు. కాల్ కలవలేదు. ఆయన కాల్ కోసం ఆగలేదు.

జుట్టు కుప్పలోంచి ఆర్థర్‌ని కాళ్ళు పట్టి లాగారు. నోట్లోంచి వెంట్రుకలు ఉమ్మేస్తూ అతను రెబెక్కా వైపే చూశాడు.

“నాకు ఒక్కటి చెప్పండి. మొక్కు ఫలించింది కదా. ఇతను ఎందుకు వెళ్ళలేదు?”

చేతికి గుడ్డ కట్టించుకుంటున్న రెబెక్కా ఎర్రటి పెదాలు బిగించింది. “పెళ్ళాం కడుపుతో ఉంటే మా వైపోళ్ళు గుండు సేయించుకోరు. మీ ట్రైనింగ్‌లో ఈ పాఠం సెప్పలేదేటి?” ఆ తరవాత, ఎవరితోనూ కాదన్నట్టు, “మార్చురీకి ఎవరన్నా నన్ను తీసుకెళ్తారా? మా అన్న ఒక్కడే ఉన్నాడక్కడ” అంది. అప్పుడు చెదిరింది కాటుక.

చీఫ్ మైథిలి ముందు ఆగాడు.

“ఆర్డర్ మీరావు.”

“మీరాను సార్.”

“పై లైన్ పోయింది. ముఠా తోక మాత్రమే దొరికింది.”

“అవును సార్.”

ఆయన కట్లు విప్పుతున్న లలిత్ వైపు కాసేపు చూశాడు. “నేనూ ఆగలేకపోయాను,” అన్నాడు. 

*

ఇంటి గుమ్మంలో లలిత్ ఆగిపోయాడు. తువ్వాలు తలకి చుట్టుకుని, పొరుగింటివాడిలా నిలబడ్డాడు. చరిత గోడ పట్టుకుని లేచి వచ్చింది. తువ్వాలు తీసి చూసింది. వెనకంతా కత్తి గాట్లు.

“నాను సేయించుకోలేదు,” అన్నాడు అతను.

చరిత అతని చెయ్యి తీసుకుని కడుపు మీద పెట్టుకుంది. చాలాసేపు ఇద్దరూ అలాగే నిలబడ్డారు. దేనికోసం ఎదురుచూస్తున్నారో మైథిలికి తెలుసు.  లలిత్ చెయ్యి ఉలిక్కిపడింది. అతను చరిత ముఖంలోకి చూశాడు.

“తన్నింది,” అన్నాడు. “అక్కా, తన్నింది!” అని గుమ్మంలోనే కూలబడి ఏడ్చాడు.

ఆ తల మీద మళ్ళీ మొలకలు తేలిన రోజు శంకరనారాయణ లెన్స్ పట్టుకుని నిమ్‌పురా వచ్చాడు. లలిత్ స్టూలు మీద కూర్చుని, పక్కనే ఉన్న చరిత కొంగు పట్టుకుని, తల ఇచ్చాడు. వరస తరవాత వరస చదివి, చీఫ్ ఫోన్‌లో ఒక పేరు చెప్పాడు. అవతలివాళ్ళు బయల్దేరామన్నారు. ఆయన చెమట తుడుచుకోవడానికి తలమీద టోపీ తీశాడు.

టీ గ్లాసుతో వచ్చిన కన్యకాంబ చూసి ఆగింది. నోరు మళ్ళీ తెరుచుకున్న సంబరంలో ఉందావిడ. కొడుకు తల మీది చుక్కల్ని, ఎదురుగా దీపంలా మెరుస్తున్న ఆఫీసరుగారి బట్టతలని మార్చి మార్చి చూసి, జాలిగా గ్లాసు అందించింది.

“మా వోడిది నాలుగు వరసలే గానీ, మీ మీద పెద్ద ఉత్తరమే రాసినట్టున్నారు బాబూ.”